బూడిద దిబ్బలు: పేడ బూడిదలోంచి 5,000 ఏళ్ళ నాటి పల్లెను చదివేది ఎలా?

#1 · సుధారాణి_ఎం

అందరికీ నమస్కారం. డిగ్రీ చరిత్ర పుస్తకాల్లో దక్షిణాది నవీన శిలాయుగానికి ఒక్క పేరా ఇచ్చి వదిలేస్తారు. రాతి గొడ్డళ్ళు, పశువుల పెంపకం, బూడిద దిబ్బలు, అంతే. నాకు మూడు సందేహాలున్నాయి. ఆ బూడిద పేడదేనని ఎలా తేల్చారు? అది ఏ కాలానిదో ఎలా చెబుతున్నారు? ఆ మనుషులు ఏం తిన్నారన్నది బూడిదలో ఎలా దొరుకుతుంది? ఫలితాలు చాలా చోట్ల చదివాను. అక్కడికి చేరిన పద్ధతి మాత్రం ఎక్కడా దొరకలేదు. పని తెలిసినవాళ్ళు వివరంగా రాయమని కోరుతున్నాను.

#2 · దిబ్బదారి

సుధారాణి గారూ, ముందు చోటు సంగతి చెబుతాను. ఈ విషయంలో తరచూ వినబడే ఉట్నూరు ఆదిలాబాద్ ఉట్నూరు కాదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, మక్తల్ వైపు ఉన్న ఊరు. ఈ దిబ్బలు వందకు పైగా ఉన్నాయి. బళ్ళారి, రాయచూరు, పాత గుల్బర్గా జిల్లాల్లో ఎక్కువ. మన వైపు అనంతపురం జిల్లా పాలవాయి, పాలమూరు ప్రాంతం వస్తాయి. కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య, వాటి పక్కన ఉన్న మెట్ట నేలలు ఇవన్నీ.

ఊళ్ళవాళ్ళు వీటికి తమ లెక్కలో అర్థం చెప్పుకున్నారు. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటంటారు. 1836లో బ్రిటిష్ సైనికాధికారి న్యూబోల్డ్ వీటి గురించి రాసినప్పటి నుంచి చదువుకున్నవాళ్ళూ నూరేళ్ళకు పైగా తర్జనభర్జన పడ్డారు. అగ్నిపర్వతం బూడిద అన్నారు కొందరు. విజయనగర కాలపు సామూహిక దహనాల ఆనవాళ్ళని విజయనగర చరిత్ర రాసిన సీవెల్ అనుకున్నారు. లోహం కరిగించిన చోటని ఇంకొందరు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఒక్కరు 19వ శతాబ్దంలోనే ఇది పశువుల పేడ అని గట్టిగా చెప్పారు, ఆఫ్రికాలో మందల చుట్టూ వేసే ముళ్ళకంచె దొడ్లతో పోల్చారు. 1950ల చివర లండన్ శాస్త్రవేత్త జ్యూనర్ ప్రయోగశాలలో ఆ బూడిదను పరీక్షించి, బాగా ఎక్కువ వేడికి కాలిన పేడేనని తేల్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1957లో, పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ ఉట్నూరులో తవ్వారు. బూడిద పొరల కింద వరసగా రాటగుంతలు, అంటే కంచె గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. పొరల మధ్య గట్టిపడిన నేల మీద పశువుల గిట్టల అచ్చులు దొరికాయి.

నా దృష్టిలో ఈ చర్చను ముగించింది ఆ గిట్టల అచ్చులే. పేడ అని రసాయన పరీక్ష చెబుతుంది. పశువులు అక్కడే నిలబడ్డాయని చెప్పగలిగింది ఆ అచ్చు ఒక్కటే.

#3 · కొలిమి_రాజు

ఒక అభ్యంతరం. కొన్ని దిబ్బల్లో గాజులా కరిగి గడ్డకట్టిన ముద్దలున్నాయి, బుడగలు బుడగలుగా. చూస్తే అచ్చం ఇనుప చిట్టెం (ఇనుము కరిగించాక మిగిలే మడ్డి) లాగే ఉంటాయి. మామూలు పిడకల మంటకు అంత కరుగుతుందా?

#4 · సన్నముక్క

రాజు గారూ, పొయ్యిలో పెట్టే నాలుగు పిడకలకు కరగదు. అడుగుల మందాన పేరుకుని ఎండిన పేడకు నిప్పంటుకుంటే రోజుల తరబడి లోలోపలే కణకణమంటుంది. నడిమధ్యన వేడి 1,000 డిగ్రీలు దాటిన చోట గడ్డిలోని సిలికా, పేడలోని క్షారాలు కలిసి గాజుగా మారతాయి. గడ్డి మేసిన పశువు పేడ నిండా సిలికా ఉంటుంది, క్షారం దాని ద్రవీభవన స్థానాన్ని దించుతుంది. కొలిమికి ఇసుకలో సోడా కలిపితే గాజు తేలిగ్గా కరిగే సూత్రమే ఇక్కడా.

రెండింటినీ వేరుచేయాలంటే ఇలా చూడండి:

చేతిలోకి తీసుకోండి. ఇనుప చిట్టెం బరువుగా ఉంటుంది, ఘనపు సెంటీమీటరుకు సుమారు 3 నుంచి 4 గ్రాములు. పేడ గాజు తేలిక, బూడిద రంగులోనో పాలిపోయిన ఆకుపచ్చలోనో ఉంటుంది. అయస్కాంతం ఒక్కదాన్నే నమ్మకండి. చిట్టెంలో ఎక్కువ భాగం ఇనుము–సిలికా ఖనిజంగా ఉంటే అదీ అయస్కాంతానికి గట్టిగా అతుక్కోదు. చుట్టుపక్కల చూడండి. ఇనుము కరిగించిన చోట ముడి ఖనిజం ముక్కలు, తిత్తి గొట్టం ముక్కలు, కొలిమి గోడ మట్టి తప్పక దొరుకుతాయి. బూడిద దిబ్బల్లో అవి ఉండవు.

ఇక సూక్ష్మదర్శిని. గడ్డిలోని సిలికా కణాలను ఫైటోలిత్‌లంటారు. మన మెట్ట గడ్డి జాతుల్లో చాలా వాటికి ఇవి డంబెల్ ఆకారంలో ఉంటాయి, చూడగానే తెలిసిపోతాయి. వీటితోపాటు మేత మేసే జంతువుల పేగుల్లో తయారయ్యే కాల్షియం కార్బొనేట్ గోళికలుంటాయి, స్ఫెరులైట్లంటారు. పరిమాణం 5 నుంచి 20 మైక్రాన్లు. అడ్డంగా పెట్టిన రెండు ధ్రువణ ఫలకాల మధ్య ఒక్కోదాని మీద నల్లటి శిలువ గుర్తు కనబడుతుంది. అది కనబడితే పేడ అనే మాట ఖాయమైనట్టే.

కనబడకపోతే మాత్రం పేడ కాదనడానికి వీల్లేదు. తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. 700 డిగ్రీల పైన స్ఫెరులైట్లు చెదిరిపోతాయి. ఆమ్లం తగిలితే కరిగిపోతాయి. నమూనాను కడిగేటప్పుడు మొదట్లోనే ఆమ్లం పోసేస్తే ఉన్నవీ పోతాయి. అందుకే నమూనాను రెండుగా చీల్చాలి. ఒక సగం ఆమ్లం తగలకుండా స్ఫెరులైట్లకు, రెండో సగం ఆమ్లంతో శుద్ధి చేసి ఫైటోలిత్‌లకు.

#5 · తాపీ_పట్టినచేయి

తవ్వే పని గురించి నేను రాస్తాను, వివరంగా.

గడి వేయడం మామూలే. 5 మీటర్ల చదరపు గళ్ళు, గడికీ గడికీ మధ్య మీటరు గట్టు వదలాలి. తవ్వేది 4×4 అవుతుంది. పురావస్తు శాస్త్రవేత్త వీలర్ 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో చూపిన గళ్ళ పద్ధతి ఇదే. గట్టు ఎందుకంటే పొరల వరస దాని గోడ మీదే చదవాలి గనక. తవ్వేశాక నేల ఉండదు, గోడ ఒక్కటే సాక్ష్యంగా మిగులుతుంది.

బూడిద దిబ్బలో చిక్కేమిటంటే పొరలు చాలా పల్చన. తెల్లగా కాలిన పొర 3 సెంటీమీటర్లు, దాని కింద కాలని గోధుమరంగు పేడ 5, మళ్ళీ బూడిద, మళ్ళీ తొక్కుడు నేల. 10 సెంటీమీటర్ల లెక్కన అడ్డంగా కోసుకుంటూ పోతే రెండు మూడు కాల్పులు ఒకే సంచిలో కలిసిపోతాయి. తర్వాత ఎంత ఖరీదైన ప్రయోగశాల కూడా వాటిని విడదీయలేదు. అందుకని లెక్క పక్కనపెట్టి, రంగు, గట్టిదనం మారిన చోటల్లా ఆగాలి. పైపొర తీసేదాకా పార. పొర మారుతోందనగానే పార పక్కనపెట్టి తాపీ పట్టాలి. తాపీ కొనతో పొడవకూడదు, అంచుతో తమ వైపు లాగాలి. పొడిస్తే కింది పొర మట్టి పైకి వస్తుంది.

రాటగుంత గుర్తుపట్టడం: చదునుగా గీకిన నేల మీద చేతి స్ప్రేయరుతో సన్నగా నీళ్ళు చల్లి రెండు మూడు నిమిషాలు ఆగండి. చుట్టూ ఉన్న గట్టినేల త్వరగా ఆరుతుంది, గుంతలో నిండిన వదులు మట్టి తడి పట్టుకుని ముదురు రంగులో గుండ్రంగా కనబడుతుంది. వెంటనే మొత్తం తోడేయకూడదు. గుండ్రానికి నడిమికి దారం కట్టి సగమే తవ్వాలి, ఆ కోత గోడను చూడాలి. గుంజ గుంతకు పక్కలు నిటారుగా ఉంటాయి, అడుగు గిన్నెలానో చదునుగానో ఉంటుంది, గుంజ కదలకుండా దట్టించిన రాళ్ళు కూడా ఉండొచ్చు. ఎలుక బొరియ అయితే పక్కకు వంకర తిరుగుతుంది. చెట్టు వేరైతే కిందికి పోయేకొద్దీ సన్నబడి చీలుతుంది. ఒక్క గుంత ఏమీ చెప్పదు. ఒకే లోతులో, ఒకే పొరలోంచి కోసిన గుంతలు వరసగా వంపు తిరిగి ఉంటే అది కంచె.

జాగ్రత్త ఇంకొకటి. ఎండిన బూడిద ఇసుకలా జారుతుంది. 1.2 మీటర్ల లోతు దాటాక నిట్టనిలువు గోడ ఉంచకండి. మెట్టు తీసుకుంటూ దిగాలి. ఊడ్చేటప్పుడు లేచే ధూళిలో సన్నటి సిలికా ఉంటుంది. తువ్వాలు చుట్టుకుంటే చాలదు, సరైన మాస్కు కావాలి. తట్ట మోసేవాళ్ళకు ముందు ఇవ్వాలి, ఎక్కువ పీల్చేది వాళ్ళే.

#6 · సన్నముక్క

తాపీ గారి మాటకు ఒకటి కలుపుతాను. కంటికి కనబడని పొరల కోసం గోడలోంచి దిమ్మె తీయాలి. మూతలు రెండు వైపులా ఊడే తగరపు డబ్బాను గోడలోకి నొక్కి, వెనక నుంచి కోసి, చెదరకుండా తీయాలి. పై దిక్కు ఏదో డబ్బా మీద బాణం గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు మరిచిపోతే దిమ్మె వృథా. దాన్ని ఆరబెట్టి, రెజిన్ పట్టించి, 30 మైక్రాన్ల మందానికి అరగదీస్తారు. తొక్కుడు పడిన పేడ ఆకులు పేర్చినట్టు పొరలు పొరలుగా నలిగి ఉంటుంది. ఎక్కడి నుంచో ఎత్తి తెచ్చి పోసిన పేడైతే ముద్దలు ముద్దలుగా, దిక్కూ దిశా లేకుండా ఉంటుంది. పశువులు అక్కడే కట్టి ఉన్నాయా, పక్క దొడ్లోంచి ఊడ్చి తెచ్చి కుప్ప పోశారా అన్న ప్రశ్నకు జవాబు దీంట్లోనే ఉంది.

#7 · సుధారాణి_ఎం

చాలా సంతోషం. గోడ చదవడం ఇప్పుడు బాగా అర్థమైంది. కాలం సంగతి కూడా చెప్పండి. బూడిదనే సి-14 (రేడియోధార్మిక కార్బన్) పరీక్షకు పంపొచ్చు కదా?

#8 · అర్ధాయువు

పంపకూడదండీ. బూడిదలో మిగిలేది ఎక్కువగా కార్బొనేట్. అది తర్వాతి వానలతో, గాలితో కార్బన్‌ను ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటుంది. వచ్చే తేదీకి అర్థం ఉండదు. కావలసింది మాడి బొగ్గైన పదార్థం.

సూత్రం మీకు తెలిసే ఉంటుంది. బతికున్నంత కాలం మొక్క గాలిలోని సి-14ను తీసుకుంటుంది. చనిపోయాక అది 5,730 ఏళ్ళకు సగం చొప్పున తరిగిపోతుంది. సుమారు 50,000 ఏళ్ళ వెనక్కి పోతే కొలవడానికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. ప్రయోగశాల తేదీలో "ఇప్పటికి" అంటే 1950 అని అర్థం. ఉట్నూరు మొదటి తేదీ అలా లెక్కేసి క్రీ.పూ. 2170 దగ్గర వచ్చింది, అటూఇటూ 150 ఏళ్ళు. ఇది దిద్దని లెక్క. గాలిలో సి-14 పాళ్ళు అన్ని కాలాల్లో ఒకేలా లేవు కాబట్టి చెట్ల వార్షిక వలయాలతో కట్టిన వక్రరేఖ మీద దిద్దాలి. దిద్దితే ఆ తేదీ ఇంకొన్ని వందల ఏళ్ళు వెనక్కి జరుగుతుంది. పాత పుస్తకాల్లో ఒక తేదీ, కొత్త వ్యాసాల్లో వేరే తేదీ కనబడటానికి సగం కారణం ఇదే. తవ్వకం మారలేదు, లెక్క మారింది.

ఈ ఒక్క తేదీ చేసిన పని చిన్నది కాదు. వీలర్ బ్రహ్మగిరిలో రాతి గొడ్డళ్ళ సంస్కృతిని క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలో పెట్టారు. పైపొరల్లో దొరికిన, రోమన్ వ్యాపారంతో ముడిపడిన కుండపెంకుల నుంచి కిందికి అంచనా వేసుకుంటూ పోయారు, అప్పటికి ఉన్న ఆధారం అదే. సి-14 వచ్చాక దక్షిణాది నవీన శిలాయుగం మొదలు వెయ్యేళ్ళకు పైగా వెనక్కి పోయి, హరప్పా నగరాలతో ఒకే కాలానికి చేరింది.

#9 · వలయం

అర్ధాయువు గారూ, ఏ బొగ్గు పంపాలన్నదీ చెప్పాలి కదా. అనుభవం ఉన్నవాళ్ళు కూడా పొరబడేది అక్కడే.

తుమ్మ, చండ్ర లాంటి చెట్టు దూలం చేవ భాగం వందేళ్ళ కిందటే చనిపోయిన కణజాలం. దాన్ని కంచె గుంజగా పాతి, ఇరవై ఏళ్ళ తర్వాత కాల్చితే, బొగ్గు ఇచ్చే తేదీ కాల్చిన నాటికి నూటఇరవై ఏళ్ళు ముందుంటుంది. అందుకే ఒక్క ఏడాదిలో పండి ఎండిపోయే గింజ కావాలి. సి-14 అణువులను నేరుగా లెక్కపెట్టే ఏఎంఎస్ యంత్రానికి ఒక్క మాడిన ఉలవ గింజ సరిపోతుంది, కొన్ని మిల్లీగ్రాములు చాలు. పాత పద్ధతిలో గ్రాముల కొద్దీ బొగ్గు కావలసి వచ్చేది, అందుకని పలు చోట్ల ఏరిన ముక్కలన్నీ ఒకే సంచిలో వేసేవారు. అలా కలిపిన నమూనా తేదీ ఏ సంఘటనకూ చెందదు.

ప్రయోగశాలలో మొదట పలుచటి ఆమ్లంతో కార్బొనేట్ పోగొడతారు. తర్వాత క్షారంతో నేలలోంచి ఇంకిన హ్యూమిక్ పదార్థం (కుళ్ళిన మొక్కల సారం) తీస్తారు, చివర మళ్ళీ ఆమ్లం. సన్నటి వేళ్ళు ముందే సూక్ష్మదర్శిని కింద చిమటాతో ఏరేయాలి. ఒక్క కొత్త వేరు ఉన్నా తేదీ ఇటీవలి కాలం వైపు జరుగుతుంది.

మన ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. క్రీ.పూ. 800 నుంచి 400 దాకా దిద్దుబాటు వక్రరేఖ దాదాపు చదునుగా ఉంటుంది. ఆ మధ్య ఏ తేదీ వచ్చినా విస్తరించి నాలుగు వందల ఏళ్ళ పట్టీ అవుతుంది. బూడిద దిబ్బలు దీనికి ముందువి కాబట్టి బతికిపోయాయి. రాక్షసగుళ్ళకు (పెద్ద బండల సమాధులకు), తొలి ఇనుప యుగపు పల్లెలకు ఇదే పెద్ద అడ్డు.

#10 · అండుకొర్ర

గింజ ఎలా దొరుకుతుందో నేను చెబుతాను. తవ్వేవాళ్ళ కంటికి అది కనబడదు. మట్టిని నీళ్ళలో తేల్చాల్సిందే.

ఒక్కో పొర నుంచి 20–30 లీటర్ల మట్టి తీసుకోండి. కొలిచి రాసుకోండి. లీటర్ల లెక్క లేకపోతే తర్వాత "ఇక్కడ ఎక్కువ, అక్కడ తక్కువ" అనే మాటకు విలువుండదు. బకెట్టులో మూడో వంతు మట్టి వేసి, నిండా నీళ్ళు పోసి, చేత్తో మెల్లగా కదపాలి. గడ్డలు గట్టిగా పిసికితే గింజలు నుజ్జవుతాయి. రెండు మూడు క్షణాలు ఆగి, పైకి తేలినదాన్ని 0.25 మిల్లీమీటర్ల సందున్న జల్లెడ గుడ్డ మీదికి వంచాలి. బురద దిగకముందే ఆపాలి. తేలడం ఆగేదాకా నాలుగైదు సార్లు ఇలాగే. అడుగున మిగిలినదాన్ని 1 మిల్లీమీటరు జల్లెడలో కడిగితే చిన్న ఎముకలు, పూసలు, రాతి పెచ్చులు దొరుకుతాయి.

ఆరబెట్టడం నీడలోనే. ఎండలో పెడితే మాడిన గింజ టపటపా పగులుతుంది. పూర్తిగా ఆరకముందు ప్లాస్టిక్ సంచిలో మూస్తే బూజు పడుతుంది. చీటీ పెన్సిల్‌తో రాయాలి, లోపలొకటి, బయటొకటి. పెన్ను సిరా తడికి చెరిగిపోతే గింజలుంటాయి, అవి ఎక్కడివో ఎవరికీ తెలియదు.

మీ తేలింపు ఎంత బాగా జరిగిందో చూసుకోవడానికి చక్కటి చిట్కా ఉంది. సరిగ్గా 100 గసగసాలు లెక్కపెట్టి మాడ్చి, కడగబోయే మట్టిలో కలపండి. చివర ఎన్ని దొరికాయో లెక్కించండి. 90 వస్తే పని బాగున్నట్టు. 40 వస్తే జల్లెడకు చిల్లు పడిందో, నీళ్ళు తొందరపడి వంచారో చూసుకోవాలి. గసగసాలే ఎందుకంటే ఆ కాలపు దక్కను పొరల్లో అవి వాటంతటవి దొరకవు, మీవి వాటితో కలిసిపోవు.

#11 · నల్లరేగడి

మా వైపు మట్టి జిగట. బకెట్టులో ముద్దయి కూర్చుంటుంది, ఏదీ తేలదు. ఏం చేయాలి?

#12 · అండుకొర్ర

రేగడికి నానబెట్టాలి. బకెట్టు నీళ్ళకు గుప్పెడు వంట సోడా కలిపి, మట్టిని అందులో కొన్ని గంటలు వదిలేయండి. బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి వదిలి విడిపోతాయి. రాత్రంతా ఉంచకండి, నీళ్ళు పీల్చుకున్న గింజ మునిగిపోతుంది, మెత్తబడి విరుగుతుంది. ఒక నమూనాకు సోడా వాడితే ఆ సంగతి చీటీ మీద రాయండి, అదే మట్టిని తర్వాత రసాయన పరీక్షకు పంపకూడదు గనక.

ఇక దొరికినవి. పురావస్తు శాస్త్రవేత్తలు డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్ తదితరులు కర్ణాటకలోని సంగనకల్లు, తెక్కలకోటతోపాటు మన వైపు వేల్పుమడుగు, పెద్దముడియం, హనుమంతరావుపేట లాంటి చోట్ల ఇలా తేల్చి చూశారు. మళ్ళీ మళ్ళీ వచ్చినవి నాలుగు: ఉలవలు, పెసలు, అండుకొర్రలు, ముళ్ళ కొర్ర జాతి గడ్డి గింజలు. నాలుగూ ఈ నేలవే, వానకు మొలిచేవే. గోధుమ, బార్లీ క్రీ.పూ. 1900 ప్రాంతం తర్వాత ఉత్తరం నుంచి వచ్చాయి. వాటికి చలికాలంలో నీళ్ళు కట్టాలి, అందుకే అవి అన్ని చోట్లా కనబడవు. మన అనంతపురం మెట్టల్లో ఇప్పటికీ అండుకొర్రలు చల్లుతారు. ఆ గింజను బూడిద పక్కన మట్టిలో చూసినప్పుడు ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది.

గుర్తింపులో ఒక తేడా చెబుతాను. పెసర, మినుము మాడాక ఒకేలా కనబడతాయి. గింజ రెండు బద్దలైతే లోపల మొలక అచ్చు చూడండి. పెసరలో అది బద్ద పొడవులో మూడింట రెండొంతులకు పైగా సాగుతుంది. మినుములో పొట్టిగా ఉంటుంది. బద్ద విడని నిండు గింజకు "పెసర/మినుము" అనే రాయాలి. కొలతలు తీసేటప్పుడు మాడిన గింజ 10–20 శాతం కుంచించుకుపోయి ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. ఆ లెక్క వేయకుండా ఇప్పటి విత్తనంతో పోల్చి "చిన్నది కాబట్టి అడవిది" అంటే తప్పు.

#13 · దవడపన్ను

ఎముకల సంగతి క్లుప్తంగా. బూడిద క్షార గుణంది కాబట్టి ఎముక బాగానే నిలుస్తుంది. కానీ కాలిన ఎముకలో కొల్లాజెన్ (ఎముకలోని ప్రోటీన్) ఉండదు, తేదీకి పనికిరాదు. మంద ఎందుకు పెంచారో తెలియాలంటే దవడలు కావాలి. ఆవు మూడో దవడపన్ను 24–30 నెలల మధ్య వస్తుంది, ఆ తర్వాత అరుగుదల బట్టి వయసు కట్టొచ్చు. లేత కోడెలే ఎక్కువ పోయుంటే మాంసం కోసమని, ముదురు పశువులు ఎక్కువగా ఉంటే పాలు, పని కోసమని మొగ్గు. ఒక్క హెచ్చరిక: దొడ్లో తొక్కుడు పడిన ఎముకల మీద పడే గీతలు కత్తి గాట్లలా ఉంటాయి. కత్తి గాటు కీలు దగ్గర, కండ అతికే చోట, ఒకే వైపుకు ఉంటుంది. తొక్కుడు గీతలు ఎక్కడ పడితే అక్కడ, అడ్డదిడ్డంగా ఉంటాయి.

#14 · కొలిమి_రాజు

సన్నముక్క గారి వివరణతో నా అభ్యంతరం తీరింది. ఇంకో ప్రశ్న. రైతుకు పేడంటే ఎరువు. అంత పేడను పోగేసి కాల్చేయడం ఏమిటి?

#15 · దిబ్బదారి

ఇక్కడే పండితులు రెండు దారులు పట్టారు. ఆల్చిన్ దాన్ని ఏటా వచ్చే పండుగ మంటలతో ముడిపెట్టారు, మంటల మధ్య నుంచి పశువులను తోలే ఆచారాలతో పోల్చారు. భోగిమంట, సంక్రాంతి పశువుల పండుగ మనకు గుర్తొస్తాయి. కానీ నాలుగు వేల ఏళ్ళ ఎడం మీద పోలిక వేయడం నాకు గట్టి ఆధారంగా తోచదు. పురుగూ ఈగా చేరకుండా, తెగులు పాకకుండా కాల్చి ఉండొచ్చన్నది రెండో మాట. పండుగా శుభ్రతా ఒకదానికొకటి అడ్డు కాదు కూడా.

దీన్ని ముందుకు కదిలించింది కర్ణాటకలోని బూదిహాళ్ తవ్వకం. కె. పద్దయ్య గారు పుణె డెక్కన్ కాలేజీ తరఫున 1989 నుంచి కొన్నేళ్ళు అక్కడ తవ్వారు. అంతకుముందు చాలామంది దిబ్బనే కోసి చూశారు. ఆయన దిబ్బ పక్కనున్న చదును నేల తవ్వించారు. ఇళ్ళున్న చోటు, చకుముకి రాయి చెక్కిన చోటు, పశువులను కోసి పంచుకున్న గచ్చు, కుండల్లో పెట్టి పాతిన పసిపిల్లలు బయటపడ్డారు. అంటే దిబ్బ ఒక ఊరి అంచు. ఎండాకాలం వచ్చిపోయే కాపరుల మకాం మాత్రమే అన్న పాత మాట బూదిహాళ్‌కు వర్తించదు. పేడను పొలానికి తోలకుండా తరతరాలు అదే చోట పోసి కాల్చారంటే, ఆ కుప్ప ఎత్తుకు వాళ్ళ మధ్య ఏదో గౌరవం ఉందనే నేను నమ్ముతాను. మంద పెద్దదైతే దిబ్బ పెద్దది, దూరం నుంచే కనబడుతుంది.

#16 · నల్లరేగడి

హరప్పాలో అదే కాలంలో ఇటుక నగరాలు లేచాయి. ఇక్కడ ఎందుకు లేవలేదు?

#17 · దిబ్బదారి

నది వరద తెచ్చే ఒండ్రు, మిగులు గోధుమ, దూరపు వ్యాపారం అక్కడున్నాయి. ఇక్కడ వాన మీద బతికే చిరుధాన్యం, తిరిగే మంద. మంద మేతను వెతుక్కుంటుంది కాబట్టి జనమూ పలచగా పరుచుకున్నారు. అయినా నైపుణ్యం పోగుపడిన చోట్లున్నాయి. సంగనకల్లు పక్కన హిరేగుడ్డ మీద డోలరైట్ (నల్లటి గట్టి రాయి) గొడ్డళ్ళు పెద్ద ఎత్తున చేశారు. ముందు పెచ్చులు లేపి ఆకారం తెచ్చి, తర్వాత సన్నగా కొట్టి గరుకు తీసి, చివర నీళ్ళూ ఇసుకతో బండ మీద అరగదీశారు. ఆ బండల మీది అరుగుదల గాళ్ళు ఇప్పటికీ వేలు పెడితే నున్నగా తగులుతాయి. సొంతానికి కావలసిన వాటి కంటే ఎన్నో రెట్లు పెచ్చులు అక్కడ పడి ఉన్నాయి.

క్రీ.పూ. 1200 నాటికి దిబ్బలు ఆగిపోతాయి, ఇనుము, రాక్షసగుళ్ళు వస్తాయి. ఆ పైన శాతవాహనుల కాలానికి ధూళికట్ట, పెద్దబంకూరు, కొండాపూర్ లాంటి పట్టణాలు. బ్రహ్మగిరిలో ఈ మూడు కాలాల పొరలూ ఒకే గోతిలో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

#18 · సుధారాణి_ఎం

ఊరి పక్కన ఇలాంటి తెల్లటి దిబ్బ ఉంటే, శాఖవాళ్ళు వచ్చేలోపు చదువుకునేవాళ్ళం ఏం చేయొచ్చు? చాలా చోట్ల బూడిదను పొలాలకు ట్రాక్టర్లతో తోలేస్తున్నారు.

#19 · తాపీ_పట్టినచేయి

తవ్వకండి, ఏరకండి. లైసెన్సు లేకుండా తవ్వడం నేరం, వస్తువు ఇంటికి తీసుకెళ్ళినా చిక్కే. ఆంధ్రలో 1960 చట్టం, తెలంగాణలో 2017 వారసత్వ చట్టం ఉన్నాయి. రాష్ట్ర పురావస్తు శాఖకు, తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

రాసి ఉంచాల్సినవి: సర్వే నంబరు, దిబ్బ పొడవు, వెడల్పు, ఎత్తు, ఏ వైపు ఎంత కోత పడింది. ఫొటోలో కొలబద్ద, ఉత్తరం చూపే బాణం ఉండాలి. ట్రాక్టరు ఇప్పటికే కోసిన గోడ ఉంటే దాన్ని గీకకుండా, ఎండ పక్కగా పడే పొద్దున పూట, మీటరుకొక ఫొటో తీయండి. ఆ కోత ఇక తిరిగి రాదు, ఆ ఫొటోలోని పొరలే మిగులుతాయి. చుట్టూ యాభై మీటర్ల మేర నడిచి కుండపెంకులు, చకుముకి పెచ్చులు ఎక్కడ చిక్కగా ఉన్నాయో పటం మీద గుర్తుపెట్టండి, పెంకును ఉన్నచోటే వదిలేసి. ఊరివాళ్ళు చెట్టు కింద గద్దె మీద పిడుగురాళ్ళని పూజించే నున్నటి రాళ్ళుంటే దూరం నుంచి ఫొటో తీయండి, చాలాసార్లు అవి రాతి గొడ్డళ్ళే. ముట్టుకోవద్దు, అవి వాళ్ళ దేవుళ్ళు.

ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు రాసేటప్పుడు దశాంశం తర్వాత ఐదు అంకెలు వేయండి. నాలుగే వేస్తే 11 మీటర్ల దాకా తేడా రావచ్చు, చిన్న దిబ్బకు అది ఒక అంచు నుంచి నడిమికి ఉన్నంత దూరం.